సైలెన్సర్ దగ్గర కొలవని పన్ను

పెద్దలందరికీ నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వెనక నిలబడ్డ డ్రైవర్ సోదరులూ, ముందుకొచ్చి కూర్చోండి. కుర్చీలున్నాయి.

ఈ గ్రంథాలయంలో మాట్లాడమని పిలిస్తే నాకు రెండు రోజులు టెన్షన్‌గా ఉంది. ఇక్కడ నాకు ముందు మాట్లాడినవాళ్లు కవులు, లెక్చరర్లు. నేను ముప్పై ఏళ్లకు పైగా బళ్ల ఇంజన్లలోకి డీజిల్ కొట్టే పంపులు, నాజిళ్లు బాగుచేసినవాణ్ని. తరవాత కొన్నాళ్లు ఐటీఐలో పిల్లలకు అదే పని నేర్పాను. కానీ ఇది గిడుగు రామమూర్తి పంతులుగారు మేష్టరుగా పనిచేసిన ఊరు. జనం మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టిన మనిషి తిరిగిన వీధులివి. ఆ ధైర్యంతో మెకానిక్ భాషలోనే చెప్తాను.

ఒడిశా అంచునున్న మన పర్లాకిమిడిలో ఏ బంకు దగ్గరైనా పది నిమిషాలు నిలబడి చూడండి. ఆంధ్రా నంబరు బళ్లు వరసగా వస్తాయి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అక్కడా బంకులున్నాయి. అయినా ఏరు దాటి ఇక్కడికొచ్చి ట్యాంకు నింపుకుంటారు. ఎందుకు? డీజిల్ ఒకటే, కంపెనీ ఒకటే. రెండు రాష్ట్రాలు వేసే వ్యాట్ వేరు, అందుకే లీటరు మీద కొన్ని రూపాయలు తేడా. అటు ఇచ్ఛాపురం దగ్గరా ఇదే కథ. హైవే మీద పోయే లారీ డ్రైవరు ఏ బంకులో ఆగాలో రాష్ట్రం హద్దు చూసుకునే లెక్కేసుకుంటాడు.

పన్ను తక్కువున్న చోటికి బండి వెళ్తుంది. ఇది మనందరికీ కళ్లముందున్నదే. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది దీనికంటే ఒక మెట్టు పైది. పన్ను బండిని ఇటూ అటూ తిప్పడమే కాకుండా దాని ఒంటినే మార్చేస్తుంది. ఇంజను ఎంత సైజు, కారు ఎంత పొడవు, డీజిలా పెట్రోలా, ఇవన్నీ ఇంజనీరు నిర్ణయిస్తాడని నేను చాలాకాలం నమ్మాను. ఇంజనీరు పక్కన ఒక పన్ను పుస్తకం కూడా ఉంటుందని ఆలస్యంగా తెలిసింది. పన్ను దేన్ని కొలుస్తుందో కంపెనీ దాన్ని తగ్గిస్తుంది. కొలవనిదాన్ని వదిలేస్తుంది. ఆ వదిలేసింది మన ముక్కులోకి వస్తుంది.

ముందు బ్రిటన్ కథ ఒకటి చెప్తాను. పంపు పని తెలిసిన తమ్ముళ్లకు ఇది బాగా నచ్చుతుంది. సిలిండరు వెడల్పుని మనం బోరు అంటాం. పిస్టన్ కిందికీ పైకీ నడిచే దూరం స్ట్రోకు. 1921 నుంచి బ్రిటన్‌లో కారుకి పన్ను, హార్స్‌పవర్‌కి ఒక పౌను చొప్పున కట్టాలి. అయితే ఆ హార్స్‌పవర్ ఇంజను స్టార్ట్ చేసి కొలిచింది కాదు, కాగితం మీద లెక్క. బోరు ఎన్ని అంగుళాలో చూడాలి, దాన్ని దానితోనే గుణించాలి, ఎన్ని సిలిండర్లుంటే అంతతో గుణించాలి, రెండున్నరతో భాగించాలి. అమెరికా నుంచి వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ బోరు మూడుముప్పావు అంగుళాలు, సిలిండర్లు నాలుగు. లెక్క కట్టండి, 22న్నర వస్తుంది. అంటే 23 పౌన్ల పన్ను. బ్రిటన్‌లోనే తయారైన చిన్న ఆస్టిన్ సెవెన్‌కి 8 పౌన్లు. మోడల్ టీ ఇంజను నిజంగా ఇచ్చే శక్తి 20 హార్స్‌పవర్, పన్ను మాత్రం అంతకు మించి.

ఆ లెక్కలో స్ట్రోకు ఎక్కడైనా వచ్చిందా? రాలేదు. అందుకని బ్రిటన్ కంపెనీలు బోరు సన్నగా, స్ట్రోకు పొడుగ్గా పెట్టి ఇంజన్లు చేశాయి. సన్నటి గ్లాసులో ఎక్కువ మజ్జిగ పట్టించినట్టు. పిస్టన్ అంత దూరం నడవాలి కాబట్టి ఇంజను ఎక్కువ స్పీడు తిరగదు, తిప్పితే బేరింగుల మీద భారం. దాదాపు పాతికేళ్లు అలాంటి ఇంజన్లే వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గానీ ఆ లెక్క తీసెయ్యలేదు. కాగితం మీద ఒక సూత్రం పాతికేళ్లు ఒక దేశపు ఇంజన్ల ఆకారాన్ని పట్టి ఉంచింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను జీవితమంతా పట్టుకు తిరిగిన బోరు గేజీకి ఇంత చరిత్ర ఉందా అనిపించింది.

ఇప్పుడు డీజిల్ సంగతికి వద్దాం. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఈ ఇంజనుని నడిపి చూపించాడు. 1900లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక డీజిల్ ఇంజనుని వేరుశనగ నూనె పోసి నడిపారు. అదే 1900లో మన ఊరికి నౌపడా నుంచి రాజావారి లైట్ రైల్వే వచ్చింది. బొగ్గుతో నడిచే ఆవిరి ఇంజను. ఆ రోజుల్లో రైలుకు కట్టిన ఆవిరి ఇంజను బొగ్గులోని వేడిలో నూటికి పది వంతులు కూడా పనికి మార్చలేకపోయేది. డీజిల్ మొదటి ఇంజనే నూటికి ఇరవై ఆరు వంతులు మార్చింది. ఇప్పటి మంచి డీజిల్ ఇంజను నలభై దాకా వెళ్తుంది.

ఎలా? పెట్రోలు ఇంజనులో నూనె, గాలి కలిసి లోపలికి వెళ్తాయి, స్పార్క్ ప్లగ్ మంట పెడుతుంది. డీజిల్‌లో ముందు గాలి ఒక్కటే వెళ్తుంది. దాన్ని పదహారు, పద్ధెనిమిది రెట్లు నొక్కేస్తారు. సైకిలు పంపు కొడితే కింద గొట్టం కాలుతుంది కదా, అదే పని ఇక్కడ చాలా గట్టిగా జరుగుతుంది. గాలి అయిదొందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అప్పుడు నాజిల్ సన్నటి జల్లుగా డీజిల్ చిమ్ముతుంది, అది దానంతటదే అంటుకుంటుంది. ఎంత నొక్కితే అంత పని. మైలేజి రహస్యం అదే.

కష్టం కూడా అక్కడే మొదలవుతుంది. మన చుట్టూ ఉన్న గాలిలో నూటికి 78 వంతులు నైట్రోజన్. మామూలుగా అది ఎవరి జోలికీ పోదు. కానీ సిలిండరు లోపలి మంట వేడికి అది ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. అవే నైట్రోజన్ ఆక్సైడ్లు. కంటికి కనపడవు, గొంతులో మండిస్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్లను వదలవు, ఎండ తగిలితే ఇంకో విషవాయువు పుట్టడానికి దారి తీస్తాయి. సరే, మంట వేడి తగ్గిద్దాం అనుకుంటే మసి పెరుగుతుంది. మన ఇళ్లల్లో కిరోసిన్ స్టవ్ గుర్తుందా? మంట నీలంగా ఉంటే గిన్నె శుభ్రంగా ఉండేది. ఒత్తి సరిగా లేక పసుపుగా మండితే గిన్నె అడుగు నల్లగా అయ్యేది. డీజిల్ ఇంజను నిత్యం ఈ రెంటి మధ్య నలుగుతుంది. ఒకటి తగ్గిస్తే ఇంకొకటి లేస్తుంది. రెండూ తగ్గాలంటే సైలెన్సర్ వైపు ఖరీదైన సామాన్లు పెట్టాలి. మసి పట్టే ఫిల్టరు, పొగను కొంత తిప్పి మళ్లీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వు, లారీల్లో పోసే డెఫ్ అనే యూరియా నీళ్లు, ఇవన్నీ అందుకే.

మరి కార్బన్ డయాక్సైడ్? అది మూడోది. దాని లెక్క తేలిక. లీటరు డీజిల్ కాలిస్తే సుమారు 2.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, లీటరు పెట్రోలుకి సుమారు 2.3. ఐటీఐలో ఈ మాట చెప్తే పిల్లలు నమ్మేవారు కాదు. "లీటరు డీజిల్ కిలో కూడా తూగదు కదా సార్, రెండున్నర కిలోల పొగ ఎలా వస్తుంది?" అని అడిగేవారు. మంచి ప్రశ్న. నూనెలోని బొగ్గు అంశం గాలిలోంచి ఆక్సిజన్ని పట్టుకుని బరువెక్కుతుంది. లీటరుకు ఇరవై ఇచ్చే డీజిల్ కారు నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 50 లీటర్లు, 130 కిలోలు. దాదాపు మూడు యూరియా బస్తాలు. ప్రతి నెలా.

ఇక్కడ మైలేజి గురించి ఒక మాట, ఇది జీపులు తిప్పేవాళ్ల కోసం. మనం లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని చూస్తాం. యూరప్‌లో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని చూస్తారు. వాళ్ల లెక్కే సరైందని నాకు అనిపిస్తుంది. లీటరుకు 8 ఇచ్చే జీపుని బాగుచేసి 10 చేశాననుకోండి. వెయ్యి కిలోమీటర్లకు 125 లీటర్లు తాగేది 100 తాగుతుంది, పాతిక లీటర్లు మిగులు. లీటరుకు 20 ఇచ్చే కారుని 25 చేశాననుకోండి, 50 కాస్తా 40 అవుతుంది, మిగిలేది పది లీటర్లే. కారుకి అయిదు కిలోమీటర్లు పెరిగింది, జీపుకి రెండే పెరిగింది. కానీ డబ్బు మిగిలింది జీపు ఓనరుకి. పాత పెద్ద బండిని బాగుచేయడమే ముందు చేయాల్సిన పని అని నేను ఎప్పుడూ చెప్పేది ఇందుకే.

సరే, ఇప్పుడు ఐర్లండ్. మన గజపతి జిల్లా లాంటి చిన్న చిన్న జిల్లాలున్న చిన్న దేశం. అక్కడ కారు పన్ను ఇంజను సీసీని బట్టి ఉండేది. 2008 జూలై 1 నుంచి దాన్ని మార్చి, కిలోమీటరుకు ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అన్నదాన్ని బట్టి పెట్టారు. ఉద్దేశం చాలా మంచిది. భూమి వేడెక్కుతోంది, కార్బన్ తగ్గాలి. డీజిల్ కారు మైలేజి ఎక్కువ కాబట్టి కిలోమీటరుకు కార్బన్ తక్కువ. లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారుకి సుమారు 153 గ్రాములొస్తే, లీటరుకు 20 ఇచ్చే డీజిల్ కారుకి 130 దగ్గర. పన్ను తగ్గింది, జనం డీజిల్ మీద పడ్డారు. అంతకుముందు కొత్త కార్లలో మూడో వంతు కూడా లేని డీజిల్, మూడు నాలుగేళ్లలో మూడింట రెండొంతులు అయిపోయింది.

కార్బన్ అంకె తగ్గింది, నిజమే. కానీ ఆ పన్ను నైట్రోజన్ ఆక్సైడ్లను చూడలేదు, మసిని చూడలేదు. బ్రిటన్ 2001లోనే ఇలాంటి పన్ను పెట్టింది. ఫ్రాన్స్ 2008 జనవరి నుంచి తక్కువ కార్బన్ కారుకి బోనసు, ఎక్కువ కార్బన్ కారుకి జరిమానా అంది. చాలా దేశాల్లో డీజిల్ మీద పన్ను కూడా పెట్రోలు కంటే తక్కువ. ఇవన్నీ కలిసి పడమటి యూరప్‌లో కొత్త కార్లలో సగానికి పైగా డీజిల్ అయ్యాయి. అమెరికాలో మాత్రం ఎదురు. అక్కడ కేంద్ర పన్ను గ్యాలన్ పెట్రోలుకి 18.4 సెంట్లు, డీజిల్‌కి 24.4. అందుకు తోడు పొగ నిబంధన గట్టిది. డీజిల్ కారు అక్కడ పెద్దగా నిలవలేదు. బ్రెజిల్ అయితే 1976లోనే చిన్న కార్లకు డీజిల్ ఇంజను వద్దంది, ఉన్న డీజిల్ లారీలకూ ట్రాక్టర్లకూ ఉండాలని.

ఫలితం ఏమిటో 2015 సెప్టెంబరులో లోకమంతా చూసింది. ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్ల కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం పెట్టారని అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టింది. స్టీరింగ్ ఎలా తిరుగుతోంది, స్పీడెంత అని చూసి, ఇది టెస్టు బల్ల మీద ఉందని కారే పసిగడుతుంది. టెస్టులో పొగ శుభ్రంగా వదులుతుంది. రోడ్డెక్కాక నైట్రోజన్ ఆక్సైడ్లు హద్దు మీద నలభై రెట్ల దాకా. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల బళ్లు. దీన్ని మొదట పట్టుకున్నది వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో కొద్దిమంది. యంత్రాన్ని డిక్కీలో పెట్టుకుని కారుని నిజం రోడ్డు మీద నడిపారు, అంతే. టెస్టు గదిలోంచి బయటికొచ్చి సైలెన్సర్ దగ్గర కొలిచారు.

తరవాత చాలా దేశాలు సర్దుకున్నాయి. జర్మనీలో 2018 మే చివర హాంబర్గ్ రెండు రోడ్ల మీద పాత డీజిల్ బళ్లను ఆపేసింది. లండన్‌లో 2019 నుంచి పాత డీజిల్ కారు ఊళ్లోకొస్తే రోజుకు పన్నెండున్నర పౌన్లు. ఐర్లండ్ 2020 జనవరి నుంచి రిజిస్ట్రేషన్ పన్నులో నైట్రోజన్ ఆక్సైడ్లకు విడిగా లెక్క చేర్చింది. పన్నెండేళ్ల తరవాత. ఆ పన్నెండేళ్లలో కొన్న కార్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి కదా. కారు ఒకసారి రోడ్డెక్కితే పదిహేనేళ్లు దిగదు. పన్నులో తప్పు ఒక్క బడ్జెట్టుతో సరిదిద్దొచ్చు, ఆ పన్ను పుట్టించిన బళ్లను అలా వెనక్కి తీసుకోలేం.

ఈ దేశాలన్నిట్లో నాకు బాగా నచ్చింది సింగపూర్ పద్ధతి. అక్కడ 2018 నుంచి ఒక్కో కారుకి అయిదు కొలుస్తారు: కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు, మసి. ఈ అయిదింటిలో ఏది అన్నిటికంటే చెడ్డగా వస్తుందో, కారు తరగతి దాన్ని బట్టే. నాలుగింట్లో ఫస్టు మార్కులొచ్చి ఒకదాంట్లో తప్పినా, తప్పిన లెక్కే లెక్క. మన పదో తరగతిలో లాగే. దాన్ని తప్పించుకునే దారి కంపెనీకి ఉండదు. అంతకుముందు వాళ్లూ కార్బన్ ఒక్కటే కొలిచారు, చాలదని తెలిసి మార్చుకున్నారు. నార్వేలో కూడా కొనుగోలు పన్నులో బరువు, కార్బన్ చూసి, 2012 నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా చూడటం మొదలుపెట్టారు. కరెంటు కార్లకు ఆ పన్ను మాఫీ చేశారు. 2024లో అక్కడ అమ్మిన కొత్త కార్లలో నూటికి దాదాపు 89 కరెంటువే.

ఇక మన ఇంటికి వద్దాం. మన పన్ను ఏం కొలుస్తుంది? టేపు పెట్టి పొడవు కొలుస్తుంది.

2006 బడ్జెట్టులో చిన్న కార్లకు ఎక్సైజు 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ లోపు, డీజిలైతే 1500 సీసీ లోపు. అప్పటి నుంచి మన దేశంలో ఒక కొత్త జాతి కార్లు పుట్టాయి. డిక్కీ ఉంటుంది, కానీ వెనక ఎవరో కత్తితో కోసినట్టు పొట్టిగా ఉంటుంది. డిజైర్ మొదట నాలుగు మీటర్లకు పైనే ఉండేది. 2012లో 3995 మిల్లీమీటర్లకు దిగింది. అయిదు మిల్లీమీటర్లు తక్కువ. జపాన్ వాళ్లూ ఇలాంటి హద్దు పెట్టారు. 660 సీసీ, 3.4 మీటర్లు దాటకపోతే పన్ను తక్కువ, వాటిని కేయి కార్లంటారు. మన మారుతి 800 మూలం ఆ జాతిదే. కానీ అక్కడ హద్దు ఎంత చిన్నదంటే కారు నిజంగానే చిన్నగా, తేలిగ్గా ఉండి తీరాలి. మన దగ్గర పొడవు తగ్గింది, ఎత్తూ వెడల్పూ బరువూ పెరిగాయి.

జీఎస్టీ వచ్చాక ఇంకో కొలత కలిసింది. పెద్ద బండికి సెస్సు ఎంత అన్నది తేల్చడానికి నేల నుంచి బండి అడుగుకి 170 మిల్లీమీటర్లు ఉందా అని చూశారు. ఖాళీ బండికి కొలవాలా, మనుషులెక్కాక కొలవాలా అని తగువొస్తే, ఖాళీ బండికే అని 2023లో జీఎస్టీ మండలి చెప్పింది. ఇంత జాగ్రత్తగా కొలిచారు. సైలెన్సర్ దాకా మాత్రం ఆ టేపు వెళ్లలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రేట్లు మారాయి. నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40, కరెంటు కార్లకు 5. అంతకుముందు చిన్న కార్లలో పెట్రోలుకి సెస్సు ఒక శాతం, డీజిల్‌కి మూడు శాతం ఉండేది. ఆ కాస్త తేడా కూడా ఇప్పుడు లేదు.

2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల 2000 సీసీ, అంతకు మించిన డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్ ఆపింది. రెండు నెలలు గడవకుండానే 2.2 లీటర్ల ఇంజను 1.99 లీటర్లకు దిగి షోరూముకొచ్చింది. అదే బండి, అంతే బరువు. 2016 ఆగస్టులో కోర్టు ఆ నిషేధం ఎత్తేసి, కారు ధరలో ఒక శాతం పర్యావరణ రుసుము కట్టమంది. కంపెనీని నేను తప్పుపట్టను. సీసీని కొలిచారు, సీసీ తగ్గించింది.

మన డీజిల్ ధర కథ వేరే చెప్పాలి. రైతు, లారీ, బస్సు బాగుండాలని ప్రభుత్వం ఏళ్ల తరబడి డీజిల్ ధర తక్కువలో ఉంచింది. ఆ చవక డీజిల్‌ని పెద్ద పెద్ద కార్లు కూడా తాగాయి. 2010లో కిరీట్ పారిఖ్ కమిటీ, డీజిల్ కారు మీద అదనంగా 80 వేల రూపాయల ఎక్సైజు వేయమంది. వేయలేదు. 2012-13 నాటికి దేశంలో అమ్మే కార్లలో సగానికి పైగా డీజిలే. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద అదుపు తీసేశారు, పెట్రోలుకీ దానికీ తేడా తగ్గింది, 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్ల పొగకు బీఎస్ 6 అనే గట్టి నిబంధన వచ్చింది. డీజిల్ కార్లు ఐదో వంతుకన్నా కిందికి పడిపోయాయి. మారుతి అయితే డీజిల్ మానేసింది.

బీఎస్ 6 గురించి మాత్రం మనం గర్వంగా చెప్పుకోవాలి. బీఎస్ 4 నుంచి బీఎస్ 5 ని దాటేసి ఒకేసారి ఎగిరాం. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం, అంటే పది లక్షల్లో 50 వంతుల నుంచి 10కి దిగింది. డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల నైట్రోజన్ ఆక్సైడ్లు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి, మసి 25 నుంచి నాలుగున్నరకి తగ్గాయి. ఇది నిజంగా పెద్ద పని. కొత్త బండికి.

పాత బండి మాటేమిటి? ఇక్కడ నా సొంత సంగతి చెప్పాలి.

నేను పని నేర్చుకున్నది ఒక రేకుల షెడ్డులో. గురువుగారు దేవుడిలాంటి మనిషి, పంపు చేత్తో పట్టుకుని తిప్పి ఏ ఎలిమెంట్ అరిగిందో చెప్పేవారు. వానాకాలం షట్టరు సగం దించి లోపలే ఇంజన్లు నడిపేవాళ్లం. ఇంటికెళ్లి ముక్కు కడుక్కుంటే నల్లటి నీళ్లు. అది పనిలో భాగమే అనుకున్నాం. 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగని మనుషుల్లో కేన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో పెట్టింది. పొగాకు ఉన్న జాబితా అది. పేపర్లో చదివి గురువుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "మరి మన కుర్రాళ్లు?" అన్నారు చివరికి. మర్నాడు షట్టరు పూర్తిగా ఎత్తించి, వెనక గోడకి కిటికీ కొట్టించారు.

ఇంకొకటి ఉంది, అది నేను చేసింది. ఆర్. ఉదయగిరి వైపు, మోహన వైపు ఘాటీ ఎక్కే ట్రెక్కర్లు మా షెడ్డుకి వచ్చేవి. లోపల ఎంతమందో, పైన ఎంతమందో. "పికప్ లేదు అన్నా, కాస్త పంపు పెంచు" అనేవారు. పంపు మీద ఒక స్క్రూ ఉంటుంది. సీలు తీసి అర చుట్టు తిప్పితే డీజిల్ ఎక్కువ పడుతుంది. గాలి అంతే ఉంటుంది, నూనె పెరుగుతుంది. బండి ఘాటీ ఎక్కుతుంది, వెనక నల్లటి తెర. ఆ తెరలోంచి సవర ఊళ్ల పిల్లలు బడికి నడిచి వెళ్లేవారు. నేనూ ఆ దారిన వెళ్తూ చూశాను. అయినా తిప్పాను, ఎన్ని వందల బళ్లకో. డ్రైవరు కడుపు నిండాలి, నా కడుపూ నిండాలి. ఇప్పుడు ఆ పని చేయను, ఐటీఐలో ఏ పిల్లాడికీ నేర్పలేదు. ఈ మాట ఇంతమంది ముందు చెప్పాలనే ఈ సభకు ఒప్పుకున్నాను.

ఇప్పటి కుర్రాళ్లు స్క్రూ తిప్పరు, ఈజీఆర్‌కి రేకు ముక్క అడ్డం పెడతారు. పికప్ వస్తుంది, నల్లపొగ కూడా తగ్గుతుంది. కస్టమరు సంతోషిస్తాడు. కానీ పొగ తిప్పి పంపడం ఆగిపోయి మంట వేడెక్కుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు ఒక్కసారిగా లేస్తాయి. ఇది పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర దొరుకుతుందా? దొరకదు. డీజిల్ బండికి అక్కడ చూసేది పొగ ఎంత నల్లగా ఉందన్నది ఒక్కటే. నైట్రోజన్ ఆక్సైడ్లు అక్కడి యంత్రం కొలవదు. చెడగొట్టిన బండి అక్కడ పాసైపోతుంది, ఒక్కోసారి మంచి బండి కంటే బాగా. బోరు కొలిచిన బ్రిటన్, కార్బన్ ఒక్కటే కొలిచిన ఐర్లండ్, ఇప్పుడు నలుపు ఒక్కటే కొలిచే మనం.

అందుకని నేను అడిగేది ఒక్కటే. పన్ను గానీ, సర్టిఫికెట్ గానీ, టేపు పట్టుకుని పొడవు చూడటం తగ్గించి సైలెన్సర్ వెనక నిలబడాలి. అక్కడ ఏమేమి వస్తున్నాయో అన్నీ కొలవాలి. పేదవాడి బండి పాతదే ఉంటుంది, వాడి మీద ఒకేసారి బండ పెట్టమని నేననను. పాత బండి ఇంజను బాగుచేయించుకుంటే పన్ను తగ్గించండి, పొగ కొలిచి తగ్గించండి. మన సంత రోజున కూరగాయలు తెచ్చే వ్యాన్ డీజిలే, వడ్లు మోసే ట్రాక్టరు డీజిలే. అవి ఆగిపోతే మనకి రేపు అన్నం లేదు. కరెంటు బళ్లు రావాలి, వస్తాయి. అయితే ఒడిశా కరెంటులో ఎక్కువ భాగం తాల్చేరు, ఝార్సుగుడా వైపు బొగ్గు నుంచే వస్తోందని కూడా మర్చిపోకూడదు. ఊళ్లో పొగ మాత్రం తప్పకుండా తగ్గుతుంది.

ప్రశ్నలుంటే అడగండి. ఆ నీలం చొక్కా బాబు?

"మాష్టారూ, నాది 2014 మోడల్ డీజిల్ వ్యాను. మెకానిక్ ఈజీఆర్ మూసేశాడు. తీయిస్తే పికప్ పోతుందంటున్నాడు. ఏం చెయ్యమంటారు?"

పికప్ పోయింది ఈజీఆర్ వల్ల కాదు బాబూ, ఈజీఆర్ మసితో బిగుసుకుపోవడం వల్ల. వాల్వు విప్పించి మసి కడిగించు. ఎయిర్ ఫిల్టరు మార్చు. నాజిళ్లు టెస్టు బెంచి మీద పెట్టించు, జల్లు కారుతోందా చిమ్ముతోందా చూడాలి. టర్బో గొట్టం ఎక్కడైనా చిరిగి గాలి పోతోందేమో చూడాలి. ఈ నాలుగూ సరిగ్గా ఉంటే రేకు ముక్క తీసేసినా నీకు తేడా తెలియదు. మైలేజి కూడా లీటరుకు కిలోమీటరో రెండో పెరగొచ్చు. వ్యాన్ ఎక్కడ తిప్పుతావు? గుణుపురం రూటా? అయితే ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మా షెడ్డుకి తీసుకురా. గురువుగారు కొట్టించిన కిటికీ ఉన్న షెడ్డే. మీ మెకానిక్‌ని కూడా వెంటబెట్టుకురా, ఆ వాల్వు అతని చేతే విప్పిద్దాం.